నాలుగు వేళ్ల ఎత్తు

మేడ్చల్,
2024 జూన్ 9

అక్కకు,

తమ్ముడు బాలమల్లు దండాలు. శుక్రవారం నువ్వు పంపిన రవ్వ చేపలు అందాయి. పద్మలత స్కూటీ మీద డ్యూటీకి వస్తూ షామీర్‌పేట నుంచి మోసుకొచ్చింది. సంచిలో మంచు ముక్కలు ఇంకా కరగలేదు. సరళ ఆ పూటే పులుసు పెట్టింది. ఒక గిన్నె పద్మలతకు కూడా ఇచ్చాం. మీ ఊరి మనిషి నా బస్సుకే కండక్టర్ కావడం నా అదృష్టం. నీకు ఫోన్‌లో వినపడదు, నాకు ఫోన్‌లో మాట రాదు. ఆమె లేకపోతే మన ఉత్తరాలు ఎవరు తెస్తారు, ఎవరు తీసుకుపోతారు.

బావ మొగులయ్య వల కొత్తది తీసుకున్నాడని విన్నాను. చెరువులో నీళ్లు తగ్గాయా?

నా నడుము సంగతి నీ దాకా వచ్చిందట. అంత పెద్దదేం కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా మేడ్చల్ నుంచి సికింద్రాబాద్, సికింద్రాబాద్ నుంచి మేడ్చల్. డ్యూటీ దిగేటప్పుడు మెట్టు మీద కాసేపు ఆగి, నడుము నిటారు చేసుకుని అప్పుడు దిగుతాను. అది పద్మలత చూసి ఉంటుంది.

ఒక మాట. ఇది ఇంకెవరితోనూ అనకు. డిసెంబర్‌లో నాకు వైద్య పరీక్ష ఉంది. అందులో ఆగిపోతే స్టీరింగ్ నుంచి దింపి డిపోలో కూర్చోబెడతారు. గేటు దగ్గర బస్సుల నంబర్లు రాసుకునే పని. ఆ పని చెడ్డదని కాదు. కానీ నాకు చేతనైనది ఒక్కటే. ఇంకా ఐదేళ్లు ఉంది. ఆ ఐదేళ్లూ బస్సు నడిపే దిగాలని నా ఆశ.

బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చినవాణ్ణి. తప్పులుంటే సర్దుకుని చదువు.

నీ తమ్ముడు
బాలమల్లు


షామీర్‌పేట,
2024 జూన్ 16

బాలమల్లుకు,

అక్క ఈదమ్మ రాస్తున్నది. సరళకు, నీకు నా దీవెనలు.

పద్మలతను తప్పు పట్టకు. ఆమె నోటితో ఏమీ చెప్పలేదు. చౌరస్తాలో కనపడితే "నా తమ్ముడు ఎట్లున్నడు బిడ్డా" అని అడిగాను. ఆమె నడుము మీద చేయి పెట్టుకుని ముసలమ్మలా వంగి చూపించింది. అంతే. చెవులు వినపడనివాళ్లకు అబద్ధం చెప్పడం కష్టం తమ్ముడూ. నోటికి వచ్చినంత సులువుగా చేతులకు రాదు.

ఈ సంచిలో బొంత ఉంది చూడు. మీ సీటంత కొలత పద్మలత దారంతో తీసి తెచ్చింది. ఈ వాడలో పసిపిల్లల కింద పరిచే బొంతలన్నీ నా సూది కింద నుంచి పోయినవే. నీకు కుట్టడానికి నాకు చేతులు రావా? పైన నా నీలం చీర, నడుమ పాత దుప్పటి, అడుగున మీ బావ లుంగీలు రెండు. లుంగీలు అడుగున ఉన్నాయి కాబట్టి నువ్వు పరేషాన్ కావద్దు. రెండుసార్లు ఉడకబెట్టి ఉతికాను.

మీ బావ చూసి "వాడు బస్సు నడుపుతడా, పండుకుంటడా" అన్నాడు. పెదాలు చదివాను. జవాబు నేనూ చెప్పాను, అది రాయను.

చెరువులో నీళ్లు నడుము లోతు దిగాయి. వానలు పడితే చేపపిల్లలు వదులుతారట.

బొంత మీద కూర్చుని ఎట్లా ఉందో రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఈదమ్మ


మేడ్చల్,
2024 జూలై 10

అక్కకు,

దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను. ముందు బడులు తెరిచిన రద్దీ, ఇప్పుడు బోనాల రద్దీ, సెలవు దొరకలేదు.

బొంత చాలా బాగుంది. నీ కుట్టు చూసి డిపోలో అందరూ మెచ్చుకున్నారు. అది వచ్చినప్పటి నుంచి నడుము సంగతి నాకు గుర్తుకే రావడం లేదు. డ్యూటీ దిగగానే మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాను. పొద్దున నేను నడిపే బస్సే మధ్యాహ్నం నుంచి దేవేందర్ నడుపుతాడు. నీకు చెప్పాను కదా, తలుపు దగ్గర తల వంచి ఎక్కే పొడుగాయన. మొదటిరోజు నన్ను చూసి, "ఏందన్నా, గద్దె మీద గూసున్నవ్? ఇగ నీకు దండం బెట్టి బస్సెక్కాల్నా?" అన్నాడు. "దండం వద్దు, టికెట్ దీస్కో" అన్నది పద్మలత. బస్సంతా నవ్వింది.

డ్యూటీ పుస్తకంలో ట్రిప్పులు, కిలోమీటర్లు, డీజిల్ రోజూ రాసుకునే నా అలవాటు నీకు తెలుసు. కిందటి నెల నుంచి పక్కన నడుముకు ఒక గడి, మోకాలికి ఒక గడి గీశాను. వానలకు ఎడమ మోకాలు కొంచెం పట్టేస్తోంది. క్లచ్ కాలు కదా. మొన్న ఒక ట్రిప్పులో క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతానో లెక్కపెడదామనుకున్నాను. నాలుగు వందలు దాటాక బోయిన్‌పల్లి దగ్గర ఒక ముసలాయన అడ్డం వచ్చాడు, లెక్క తప్పింది. రోజుకు అట్లాంటివి ఆరు ట్రిప్పులు. కాలు కూడా మనిషిలాంటిదే, ఎప్పుడో ఒకసారి మూలుగుతుంది. ఏం కాదు.

అమ్మ పోయినప్పటి నుంచి నాకు ముద్ద పెట్టిన చేయి నీది. ఈ వయసులో కూర్చునే చోటు కూడా నువ్వే మెత్తగా చేశావు. నాకు ఇంతకంటే రాయడం రాదు.

నీ తమ్ముడు
బాలమల్లు


షామీర్‌పేట,
2024 జూలై 21

బాలమల్లుకు,

అక్క దీవెనలు. నడుము తగ్గిందని చదివి మీ బావకు ఉత్తరం చూపించాను. ఆయనకు చదువు రాదు గానీ, "చూడు, ఇక్కడ రాశాడు" అని వేలు పెట్టి చూపిస్తే తల ఊపాడు.

మోకాలి సంగతి నాకు తెలిసిపోయింది. బొంత అణిగిపోయింది. అణిగితే నువ్వు కిందికి దిగుతావు. కింద కూర్చుంటే మోకాలు ముడుచుకుంటుంది. ముడుచుకుంటే నొప్పి రాదా? పీట మీద కూర్చుంటే నా మోకాళ్లు ఊరుకుంటాయి, నేల మీద కూర్చుంటే ప్రాణం తీస్తాయి. ఇది కూడా అంతే. కాబట్టి రెండోది కుట్టాను. ఇందులో బూరుగు దూది వేశాను. మూడు వేళ్ల మందం. వారం వాడి చూడు.

కుడుతుంటే మీ బావ వచ్చి దాని మీద కూర్చున్నాడు. లేవమంటే లేవడు. "నాకెన్నడన్న గిట్ల కుట్టినవా" అంటాడు. నలభై ఏళ్ల సంసారంలో ఆయన నన్ను అడిగిన మొదటి మంచి మాట ఇది. ఆయనకు కూడా ఒకటి కుట్టాలిక.

చెరువు నిండుతోంది. ఆదివారాలు కార్లలో వచ్చి నీళ్లను ఫోటోలు తీసుకుంటున్నారు. చేపలు మాత్రం బేరం చేస్తారు.

ఈదమ్మ


మేడ్చల్,
2024 ఆగస్టు 25

అక్కకు,

దండాలు. రెండో బొంత కూడా బాగుంది. దాని మీద కూర్చుంటే కండ్లకోయ వంతెన దిగకముందే కొంపల్లి కనపడుతోందని పద్మలతతో అన్నాను. ఆమె నవ్వలేదు. "అన్నా, దిగేటప్పుడు కుంటుతున్నవ్" అన్నది. కాలు తిమ్మిరి పడుతోంది, అంతే. నాలుగడుగులు వేస్తే పోతుంది.

మొన్న 20, 21 తేదీల్లో దేవేందర్‌కు కూడా పొద్దున పూటే, వేరే బస్సు పడింది. "అన్నా, నీ గద్దె రెండు దినాలియ్యవా" అని అడిగి తీసుకుపోయాడు. తిరిగి ఇస్తూ, "మీ అక్కకు నా శరణార్తులు జెప్పు. ఆరేండ్ల సంది మెడ గుంజుతుండె, రెండు దినాలు గుంజలే" అన్నాడు. అతని దండాలు ఇదిగో, నీకు చెప్పాను.

సరళకు నువ్వు పంపిన ఎండుచేపలు అందాయి. బాగున్నాయి.

పరీక్షకు ఇంకా నాలుగు నెలలు ఉంది. పొద్దున మంచం దిగే ముందు కాలు పది సార్లు చాపి ముడుస్తున్నాను. ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది.

నీ తమ్ముడు
బాలమల్లు


షామీర్‌పేట,
2024 సెప్టెంబర్ 8

బాలమల్లుకు,

అక్క దీవెనలు. నిన్న వినాయకుణ్ణి పెట్టుకున్నాం. ఉండ్రాళ్లు సంచిలో ఉన్నాయి, పద్మలత పిల్లలకు కూడా ఇవ్వు.

దేవేందర్ మాట చదివి ఒకరోజంతా నేల మీద నడవలేదు నేను. నా బొంతకు మెడ నొప్పి పోయిందా! మీ డిపోలో ఎంతమంది నడుములు పట్టుకుని తిరుగుతున్నారో. అందుకని నాలుగు బొంతలు పంపుతున్నాను. ఒకటి ఆ పొడుగు పిల్లగాడికి. రెండు నువ్వు ఎవరికి అవసరమనుకుంటే వాళ్లకు. ఆకుపచ్చ అంచుది మాత్రం నీది, ఎవరికీ ఇవ్వొద్దు. నాలుగు వేళ్ల మందం. తిమ్మిరి ఎందుకు వస్తుందో నేను చెప్తాను విను. సీటు ఇనుము తొడకు తగిలితే వస్తుంది. నాలుగు వేళ్ల దూది దాటి ఇనుము ఎట్లా తగులుతుందో నేనూ చూస్తాను.

చౌరస్తాలో ఆడవాళ్లందరికీ చెప్పాను. నా తమ్ముడి నడుము నా బొంతతో కుదిరింది, డిసెంబర్ పరీక్షకు ఇక భయం లేదు అని. ఎవరితోనూ అనొద్దన్నావు, గుర్తుంది. కానీ అది నొప్పి ఉన్నప్పటి మాట. ఇప్పుడు నొప్పి లేదు కదా.

ఈదమ్మ


మేడ్చల్,
2024 అక్టోబర్ 6

అక్కకు,

దండాలు. బతుకమ్మ రోజుల్లో ఇట్లాంటి ఉత్తరం రాయకూడదు. కానీ పద్మలత నోటి నుంచో చేతి నుంచో నీకు తెలిసేకంటే నేనే చెప్పాలి.

సెప్టెంబర్ 27న, పొద్దున నాలుగో ట్రిప్పు. సుచిత్ర సిగ్నల్ దగ్గర బండ్లు నెమ్మదిగా కదులుతున్నాయి. ముందు ఒక ఆటో, లోపల బడిపిల్లలు. ఆటో ఆగింది. నేను బ్రేక్ తొక్కాను. ఎడమ కాలు క్లచ్ మీదే ఉందనుకున్నాను. లేదు. తిమ్మిరికి కాలు జారి కింద పడి ఉంది, నాకు తెలియలేదు. బస్సు ఒక్క ఎగురు ఎగిరి ముందుకు పోయి ఆగిపోయింది. ఆటోకూ బస్సుకూ మధ్య ఒక జానెడు. వెనక కూర్చున్న పాప నా వైపు చూసి చేయి ఊపింది. ఆటకు చేశాననుకున్నట్టుంది.

ఎవరికీ ఏమీ కాలేదు. నిలబడ్డవాళ్లు ముందుకు తూలి తిట్టారు. తిట్టడం న్యాయమే.

మేడ్చల్ చేరి జనం దిగాక పద్మలత నా పక్కకు వచ్చి నిలబడింది. "అన్నా, నేను జూసిన. నువ్వు జెప్తవా, నన్ను జెప్పుమంటవా?"

"డిసెంబర్ల పరీక్షుంది పద్మా" అన్నాను.

"గసుంటి ఆటోలనే మా చిన్నది గూడ స్కూలుకు పోతది. ఈ ఆటో గాదు, ఇంకోటి. రేపు పొద్దటిదాంక టైమిస్తున్న" అన్నది. టికెట్ల మిషన్ తీసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ కళ్లు తుడుచుకుంది.

మరుసటిరోజు నేనే వెళ్లి డిపో మేనేజర్ సారుకు చెప్పాను. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. డాక్టర్ దగ్గరికి పంపారు. ఎక్స్‌రే ఫోటో తీశారు. మోకాలిలో కొంత అరుగుదల ఉంది, తొడ వెనక నరం నొక్కుకుపోతోంది అన్నారు. డిసెంబర్ దాకా స్టీరింగ్ ముట్టొద్దు. వారానికి రెండుసార్లు కసరత్తులు నేర్పే మేడం దగ్గరికి వెళ్లాలి. డిసెంబర్ 19న పరీక్ష. అందులో తేలుతుంది, బస్సా గేటా అన్నది.

ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని నంబర్లు రాస్తున్నాను. నా బస్సు నా ముందు నుంచే వెళ్తోంది. దేవేందర్ పొద్దున డ్యూటీ కూడా తన మీద వేసుకున్నాడు. గేటు దాటేటప్పుడు హారన్ కొట్టి పోతాడు. అతనికీ, పద్మలతకూ నేను రుణపడ్డాను. నువ్వు భయపడకు.

నీ తమ్ముడు
బాలమల్లు


షామీర్‌పేట,
2024 అక్టోబర్ 13

బాలమల్లుకు,

ఉత్తరం మూడుసార్లు చదివాను. నిన్న దసరా. జమ్మి ఆకు పట్టుకుని వచ్చినవాళ్లందరికీ దండం పెట్టాను గానీ మనసు సుచిత్ర దగ్గరే ఉంది. ఆ పాపను దేవుడు సల్లగా చూడాలి. పద్మలతకు పెద్ద బొచ్చె చేప ఇచ్చాను. తీసుకోనంటే సంచిలో కుక్కాను. నీ తోడబుట్టినదాన్నిగా నేను చేయాల్సిన పని ఆమె చేసింది.

కానీ తమ్ముడూ, నువ్వు చేసిన పిచ్చిపని నాకు అర్థమైంది. ఆకుపచ్చ అంచు బొంత నువ్వు వాడలేదు. ఎవరికో ఇచ్చేశావు. చిన్నప్పటి నుంచి నీ బుద్ధి అంతే, చేతిలో ఉన్నది పక్కవాడి చేతిలో పెట్టి నువ్వు వట్టి నేల మీద కూర్చుంటావు. నాలుగు వేళ్ల దూది మీద కూర్చున్నవాడికి నరం ఎట్లా నొక్కుకుంటుంది? ఇనుము మీద కూర్చుంటేనే కదా.

ఇంకొకటి మొదలుపెట్టాను. అయిదు వేళ్లది. దీపావళిలోపు పంపుతాను. డిసెంబర్ దాకా గేటు దగ్గర కుర్చీ మీద కూడా అదే వేసుకో.

ఈదమ్మ


మేడ్చల్,
2024 నవంబర్ 3

అక్కకు,

దండాలు. అయిదు వేళ్ల బొంత పద్మలత తెచ్చింది. దాన్ని ఒడిలో పెట్టుకుని ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను.

కిందటి మంగళవారం కసరత్తుల మేడం, "రోజు బస్సుల ఎట్ల గూసుంటరో గట్లనే గూసోని చూపియ్యుండ్రి" అన్నారు. కుర్చీ వేశారు. సంచిలోంచి ఆకుపచ్చ అంచు బొంత తీసి పరిచాను. నేను దాన్ని ఎవరికీ ఇవ్వలేదు అక్కా. ఒక్కరోజు కూడా. క్లచ్ ఉండే చోట ఒక ఇటుక పెట్టాను. కూర్చుని తొక్కాను.

మేడం కింద కూర్చుని నా మడమ కింద చేయి దూర్చారు. చేయి అటు నుంచి ఇటు వచ్చింది. "మడమ నేలకు తాకుతలేదు. కాలి ఏళ్ల కొనలతోని తొక్కుతున్నరు. కుర్చీ అంచు తొడను కోస్తాంది. అందుకోలేక ముందుకు జరుగుతున్నరు, ఎనక నడుముకు ఆసర లేదు." తర్వాత బొంత తీసేశారు. మళ్లీ తొక్కమన్నారు. మడమ నేలకు ఆనింది. నాకే తెలిసింది.

ఇంటికి వచ్చి డ్యూటీ పుస్తకం తీశాను. జూన్ 29, 30 తేదీల్లో సరళ మొదటి బొంత ఉతికి ఆరేసింది. మోకాలి గడి ఖాళీ. ఆగస్టు 20, 21 దేవేందర్ తీసుకుపోయాడు. గడి ఖాళీ. సెప్టెంబర్ 12, నాలుగు వేళ్ల బొంత మొదటిరోజు. మూడో ట్రిప్పుకే తిమ్మిరి అని నేనే రాశాను. అన్నీ నా చేతి రాతే. రోజూ రాశాను గానీ ఒక్కరోజు వెనక్కి తిప్పి చదవలేదు. చదివితే ఏం కనపడుతుందో లోపల తెలుసేమో.

మర్నాడు గేటు దగ్గర దేవేందర్‌కు చెప్పాను. "మరి సీటు కింద పిడి తిప్పి దించుకోకపోయినవా" అన్నాడు.

"నువ్వు పొడుగు. నీకోసం ఎత్తున పెట్టుకున్నవని ముట్టుకోలే" అన్నాను.

అతను ఇంజిన్ ఆపి కిందికి దిగాడు. "నేనా? నువ్వు పెద్దోనివి, నీకోసం కిందికి పెట్టుకున్నవని నేను ముట్టుకోలే. నాకు ఇంక ఎత్తు గావాలె. ఆరేండ్ల సంది మెడ వంచి నడుపుతున్న."

ఒకరి సీటు ఇంకొకరు కదిలించకపోవడం మా దగ్గర మర్యాద. ఆరేళ్లు ఇద్దరం ఒకరి మర్యాద ఇంకొకరం కాపాడి, ఇద్దరికీ సరిపోని సీటు మీద కూర్చున్నాం. నీ బొంత అతని ఎత్తుకు కుదిరింది. నేను పొట్టివాణ్ణి, నా ఎత్తుకు కుదరలేదు. అంతే తప్ప నీ కుట్టులో లోపం లేదు.

మొదటి వారంలోనే మోకాలు చెప్పింది. నేను నీకు చెప్పలేదు. నడుము గుర్తుకు రావడం లేదని రాశాను. నిజమే. మోకాలు నొప్పి ముందు నడుము గుర్తుకు రాలేదు. నీ చేతి నుంచి వచ్చింది బాగా లేదనడం నాకు రాదు అక్కా. ఆ రోజు ఆటోకూ బస్సుకూ మధ్య జానెడే మిగిల్చింది నా మొహమాటం. తప్పు నాది.

బొంతలన్నీ దేవేందర్‌కూ, ఇంకో ఇద్దరు పొడుగువాళ్లకూ ఇచ్చాను. కోపం వస్తే తిట్టు.

నీ తమ్ముడు
బాలమల్లు


షామీర్‌పేట,
2024 నవంబర్ 10

బాలమల్లూ,

తిట్టమన్నావు కాబట్టి పుస్తకం భాషలో రాయను. ఎట్లా మాట్లాడతానో అట్లాగే రాస్తాను. చదువుకో.

ఏందిరా నువ్వు జేసింది? నేను ఒక్కో వేలు పెంచుకుంట కుడితే, నువ్వు ఒక్కో వేలు నొప్పి పెంచుకుంట బాగుంది బాగుంది అని రాస్తవా? నా చెవులు వినపడవురా. నీ ఉత్తరమే నాకు నీ గొంతు. గా గొంతు గూడ అబద్ధం జెప్తే ఇగ నేను నిన్ను యాడికెల్లి వినాలె?

నీ ఉత్తరాలు డబ్బాల పదిహేనేండ్ల సంది దాస్తున్న. నిన్న అన్ని దీసి పరిచిన. ప్రతి కాయితంల బాగుంది. చీర బాగుంది, చేపలు బాగున్నయ్, పానం బాగుంది. ఏది నిజం, ఏది నా కోసం? మీ బావ వచ్చి "ఏమైందే" అన్నడు. "నాకు తమ్ముడున్నడో, బాగుంది అనే బోర్డున్నదో తెలుస్తలేదు" అన్న.

నా బొంత నీకు కుదర్లేదని నాకు బాధ లేదు. కొలత నీది తీయకుండ సీటుది తీసిన, గది నా తప్పు. పసిపిల్లలకు కుట్టినట్టు కుట్టిన. గానీ ఒక్క ముక్క రాసుంటే జూన్‌లనే విప్పి కుట్టకపోదునా?

ఇప్పుడు నా మాట విను. పంతొమ్మిదో తారీకు గా డాక్టరు ఎట్లుంది అని అడుగుతడు. నీ నోట్లె బాగుంది అని తయారుగ ఉంటది. అనకు. నొప్పుంటే ఉందని చెప్పు. స్టీరింగ్ పోతదని భయమా? చెప్పినంక పోతే పోనియ్. దాచి నిలబెట్టుకుంటే, ఇంకో ఆటోల ఇంకో పాప చెయ్యి ఊపుతది. అప్పుడు నువ్వు బతకవు. నాకు తెలుసు.

ఇప్పటికి ఇంతే. తిట్టడం అయిపోయింది. మోకాలికి ఉప్పు కాపడం పెట్టమని సరళకు చెప్పు.

ఈదమ్మ


మేడ్చల్,
2024 డిసెంబర్ 22

అక్కకు,

దండాలు. గురువారం పరీక్ష అయింది. తేలింది ముందే చెప్తాను, నువ్వు కాగితం కింద వెతుక్కోకు. స్టీరింగ్ నాకే ఇచ్చారు.

ఇప్పుడు ఎట్లా జరిగిందో రాస్తాను. పొద్దున ఏడుకే వెళ్లాను. ముందు కళ్లు చూశారు. నడిపించారు, గొంతుకూర్చోబెట్టి లేపారు, ఎడమ కాలితో ఒక బరువును నొక్కించారు. రెండు నెలల కసరత్తుకు కాలు బాగానే నొక్కింది. చివరికి డాక్టర్ పెన్ను తీసి, తల ఎత్తకుండా, "ఇప్పుడెట్లుంది?" అన్నాడు.

నువ్వు చెప్పినట్టే నోటిలో ఆ మాట తయారుగా ఉంది. బాగుంది సార్. అంటే అయిపోతుంది. బయట వరసలో ఇంకా పదిమంది ఉన్నారు, ఆయనకూ తొందరే. నేను సంచిలోంచి డ్యూటీ పుస్తకం తీశాను. ఆయన తల ఎత్తాడు.

"ఎడమ మోకాలు సార్. పొద్దున లేవంగనే ఉంటది. నడిస్తే తగ్గుతది. మెట్లు దిగితే ఉంటది. తిమ్మిరి మాత్రం నెలన్నర సంది లేదు" అన్నాను. పుస్తకం కూడా ముందు పెట్టాను. ఐదేళ్ల బస్సు ఆ ఒక్క మాటతో పోయిందనే అనుకున్నాను.

ఆయన పుస్తకం జూన్ నుంచి తిప్పుకుంటూ చూశాడు. వరసలో వాళ్లు తలుపు దగ్గర గొణుగుతున్నారు. "నీ మోకాలు ఫోటో నా దగ్గరున్నది. నొప్పి లేదంటే నేను సంతకం పెట్టకపోదును. దాచేటోన్ని బస్సు మీద కూసోబెట్టలేను. చెప్పేటోన్నైతే కనిపెట్టుకోవచ్చు" అన్నాడు. డబుల్ డ్యూటీ వద్దు, ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య దిగి నడవాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి, కాలు మళ్లీ మొద్దుబారితే ఆ రోజే బస్సు దిగాలి అని రాసి సంతకం పెట్టాడు.

బయటికి వస్తే పద్మలత డ్యూటీ మార్చుకుని వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. కాగితం చూపించాను. చదివింది. "డబుల్ డ్యూటీ వద్దన్నరు. ఇగ నాతోని మొహమాటపడి ఎవనికన్న ఒప్పుకుంటే సూడు" అన్నది. ఆమె నన్ను పట్టించకపోతే ఈ కాగితం నా చేతికి వచ్చేది కాదు. దేవేందర్ రెండున్నర నెలలు రెండు డ్యూటీలు లాగాడు. మేనేజర్ సారు కుర్చీ చూపించాడు. ఆటో నడిపే ఆయన ఎవరో నాకు తెలియదు, ఆయన కూడా ఆ రోజు దిగి నన్ను కొట్టలేదు. వీళ్లందరికీ నేను ఏం చెప్పగలను. మాట రానివాణ్ణి. కాగితం మీదే చెప్పగలను, అదీ నీకే.

నీ డబ్బాలోని కాగితాల్లో ఏది నిజమని అడిగావు. చాలావరకు నిజమే. ఎండుచేపలు మాత్రం నాకు పడవు, ఆ వాసనకు బయటి గదిలో పడుకుంటాను. సరళ తింటుంది. ఇంకొకటి ఉంది. పన్నెండేళ్ల కింద బావ నీ చెవులు చూపించడానికి గాంధీ ఆస్పత్రికి తీసుకుపోతూ నన్ను తోడు రమ్మంటే, డ్యూటీ ఉందని రాలేదు. డ్యూటీ లేదు. డాక్టర్ ఏం చెబుతాడో వినలేక రాలేదు. బావ ఒక్కడే విన్నాడు. ఇది నీకు చెప్పాలని ఇన్నేళ్లూ ఉంది.

నీ చేతి నుంచి నాకు వచ్చినవాటిలో కొన్ని తిన్నాను, కొన్ని కట్టుకున్నాను, కొన్నిటి మీద కూర్చున్నాను. కానీ ఎక్కువ పనికొచ్చింది నవంబర్‌లో వచ్చిన ఆ తిట్టు. అది మడిచి డ్యూటీ పుస్తకంలో పెట్టుకున్నాను.

రేపు పొద్దున ఐదు ఇరవైకి మొదటి ట్రిప్పు. ఎక్కగానే పిడి తిప్పి సీటు దించుకుంటాను. ఈ పూట చలికి మోకాలు నొప్పిగా ఉంది. సరళ ఉప్పు వేయిస్తోంది, కాపడం పెట్టుకుని పడుకుంటాను.

నీ తమ్ముడు
బాలమల్లు